బుంగమ్మ తలకాయ

ఫిబ్రవరి 11

ఎవరి మీదైనా అరవాలనిపిస్తోంది. ఇంట్లో అరిస్తే మా ఆయన "మధ్యలో నేనేం చేశాను?" అంటారు. అందుకని రాస్తున్నాను.

ఇవాళ మ్యూజియం దగ్గర జనం మెట్లు దిగి రోడ్డు దాకా బారులు తీరారు. నేను ఇక్కడ పనిచేస్తున్న ఇన్నేళ్ళలో, వానకు తలదాచుకోవడానికి తప్ప ఇంతమంది ఎప్పుడూ రాలేదు. పగిలిన పాత వస్తువులు అతికించే గది నాది. కింది అంతస్తులో, మరుగుదొడ్ల పక్కన. దారి తప్పినవాళ్ళంతా నా తలుపే కొడతారు. "మేడం, ఆకాశం నుంచి దిగినావిడ ఎక్కడండీ?" అని ఒకాయన అడిగితే, ఎవరో మేడమీంచి పడ్డారేమోనని కంగారుపడి బయటికి పరుగెత్తాను.

ఆకాశం నుంచి దిగినావిడ మా బుంగమ్మట. జానెడు మట్టిబొమ్మ. మూడు వేల ఏళ్ళ కిందట ఎవరో చేత్తో పిసికి, ఎండబెట్టి, కాల్చిన ఆడమనిషి. తల మీద బుంగ బోర్లించినట్టు గుండ్రటి కప్పు, ముఖం దగ్గర చిన్న కిటికీ. అందుకే మా స్టాఫంతా బుంగమ్మ అని పిలుస్తాం. నిన్న టీవీలో ఆ కప్పును చూపించి, అది అంతరిక్షంలో తిరిగేవాళ్ళు పెట్టుకునే శిరస్త్రాణం అన్నారట. "నాగలి తప్ప ఏమీ తెలియని మనుషులకు ఈ రూపం ఎలా తెలిసింది?" అని వ్యాఖ్యాత కనుబొమలెగరేసి అడిగాడట.

ఎలా తెలిసిందా? మా నాన్నకు తెలిసింది. ఆ కప్పు ప్లాస్టరు. దాన్ని చేసింది నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన మా నాన్న. అప్పుడు నేను ఇదే గదిలో స్టూలు మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తున్నాను.

ఫిబ్రవరి 12

డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. చెప్పాను. తవ్వకాల్లో బొమ్మ దొరికినప్పుడు గడ్డం పైన ఏమీ లేదు. పక్కన వంపు తిరిగిన రెండు పెంకులు దొరికాయి. అప్పటి డైరెక్టరు "ప్రదర్శన దగ్గరపడింది, ఏదో ఒక తల పెట్టవయ్యా" అంటే నాన్న ఆ పెంకుల వంపును బట్టి కప్పు చేశాడు. ఆ పెంకులు అసలు బొమ్మవో, ఆవిడ చంకలోని కుండవో ఎవరికీ తెలియదు. మొదట్లో అద్దాల పెట్టెలో "తల కొత్తగా చేసినది" అని చీటీ ఉండేది. పెట్టెలు మార్చినప్పుడు ఆ చీటీ పోయింది.

డైరెక్టరు గారు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, "దీనికి ఆధారం?" అన్నారు.

"పాత రికార్డు కార్డులన్నీ పైకప్పు కారి తడిసి ముద్దయ్యాయి కదండీ. ల్యాబుకు పంపి ఎక్స్‌రే తీయిద్దాం."

"జనం దీనికోసమే వస్తుంటే దీన్నెలా పంపిస్తానమ్మా? అయినా టీవీవాళ్ళు మీ నాన్నగారిని అడిగారు. ఆయన అలా చెప్పలేదట."

పెట్టె తాళంచెవి కూడా నా దగ్గర నుంచి తీసుకున్నారు. భద్రత కోసమట.

ఫిబ్రవరి 13

నాన్నకు మరుపు వచ్చి ఉంటుంది. డెబ్బై దాటి ఎన్నేళ్ళయింది.

ఫిబ్రవరి 16

నాన్న ఇంటికి వెళ్ళాను. రెండు వీధుల అవతలే. ఆయనా, అత్తయ్యా ఉంటారు. అత్తయ్య నాన్నకు అక్క, ఆరేళ్ళు పెద్ద. కాళ్ళు సహకరించవు కానీ నోరు మాత్రం ఇంటిపని మొత్తం చేస్తుంది.

నాన్న బాల్కనీలో కూర్చుని అత్తయ్య కళ్ళజోడు కాడ అతికిస్తున్నాడు. జిగురు రాసి, రెండు ముక్కలు కలిపి, బొటనవేలితో నొక్కిపట్టి ఊపిరి బిగపట్టాడు. ఆ వేలిమీద అడ్డంగా గాటు ఉంటుంది. రేకు డబ్బా మూత కోసుకుంది. కుట్లు వేయించుకోకుండా గుడ్డ చుట్టుకుని ఆ రోజే పనిలోకి పోయాడని అత్తయ్య ఇప్పటికీ తిడుతుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి పడుకుంటే, నుదుటి మీద ఆ గీత గరుకుగా తగిలేది. కళ్ళు తెరవకుండానే నాన్న వచ్చాడని తెలిసేది.

"బుంగమ్మ తల నువ్వే చేశావు కదా నాన్నా?" అన్నాను.

"చాలా చేశాను. ఏదని గుర్తుంటుంది?" అన్నాడు, కాడ మీంచి చూపు తిప్పకుండా.

చూశారా, నేననుకున్నదే. మరిచిపోయాడు.

"టీవీ ఆయన కారు పంపిస్తాడట మీ నాన్నకి" అంది అత్తయ్య. "వీడు నిన్నటి నుంచి అద్దం ముందే ఉన్నాడు. ఈ వయసులో మీసం ఏం దువ్వుతాడో నాకైతే అర్థం కాలేదు."

"ముందు ఆ కళ్ళజోడు పెట్టుకో అక్కా, అన్నీ అర్థమవుతాయి" అన్నాడు నాన్న. చాలా హుషారుగా ఉన్నాడు.

ఫిబ్రవరి 23

ఆదివారం కదా అని ఆ కార్యక్రమం పాత భాగాలన్నీ కూర్చుని చూశాను. వ్యాఖ్యాత కోటు మీద వెండి నక్షత్రం ఒకటి తగిలించుకుంటాడు. నేను నక్షత్రం గారు అని పేరు పెట్టాను. ఒళ్ళు మండిపోయింది.

వాదన అంతా ఒక్కటే. ఏదైనా పెద్దదిగా ఉంటే మనుషులు చేసి ఉండరు. తిన్నగా ఉంటే చేసి ఉండరు. అందంగా ఉంటే అసలే చేసి ఉండరు. కొండంత రాయి దొర్లించారా, పైవాళ్ళ పని. గోడ తాడు పట్టినట్టు వచ్చిందా, పైవాళ్ళు. అమావాస్య ఎప్పుడో లెక్కకట్టారా, పైవాళ్ళే చెప్పి ఉంటారు. తాడు పట్టినట్టు అని మనం అంటున్నామంటేనే తాడు పట్టి కట్టేవాళ్ళు ఉన్నారని కదా. అది మాత్రం ఈయన బుర్రకు తట్టదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. పైగా తను చెప్పడు, అడుగుతాడు. "ఇలా జరిగి ఉండవచ్చు కదా?" అని అడిగి ఊరుకుంటాడు. అడిగినవాడి మీద ఎవరూ కేసు పెట్టరు.

నా గది వెనక స్టోరులో అరల నిండా ట్రేలు ఉన్నాయి. వాటిలో ఏముందో నక్షత్రం గారు ఒకసారి వచ్చి చూడాలి. బట్టీలో పగిలిన కుండలు. మెడ ఒరిగిపోయినవి, అడుగు ఊడినవి, ఒకదానికొకటి అతుక్కుపోయి మాడినవి. బుంగమ్మ దొరికిన దిబ్బలోవే ఇవన్నీ. బుంగమ్మలాంటి బొమ్మలే ఇంకో నాలుగు ఉన్నాయి. ఒకదానికి చేతులు పొట్టివి, ఒకటి కాళ్ళు నిలవక పక్కకు పడిపోతుంది. ఎవరో కూర్చుని నేర్చుకున్నారు. పాడుచేశారు, తిట్టుకున్నారు, పారేశారు, మళ్ళీ మొదలుపెట్టారు. నక్షత్రాల మీంచి వచ్చినవాడు దగ్గరుండి నేర్పితే ఇన్ని కుండలు ఎందుకు పగులుతాయి? లేక అంతదూరం వచ్చినవాడికీ బట్టీ పెట్టడం చేతకాలేదా?

ఇంకొక కుండ ఉంది. పగులుకు అటూ ఇటూ సన్నటి బెజ్జాలు పొడిచి దారంతో కుట్టుకున్న కుండ. దారం ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, బెజ్జాలు ఉన్నాయి. మూడు వేల ఏళ్ళ కిందట కూడా మాలాంటివాళ్ళు ఉన్నారని నాన్న నాకు మొదట చూపించింది దాన్నే. అలాంటి నాన్న ఇవాళ గుర్తులేదంటున్నాడంటే మరుపే, ఇంకేముంటుంది.

మార్చి 2

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ చూపిద్దామని చెప్పి. మతిమరుపు డాక్టరని బోర్డు చూశాక నాన్న నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

డాక్టరు కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. నెలల పేర్లు వెనకనుంచి చెప్పమన్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. నాన్న గడియారం గీసి, ముళ్ళు పెట్టి, కింద కంపెనీ పేరు కూడా రాశాడు. చివర్లో డాక్టరు ముందు చెప్పిన మాటలు అడిగితే వరసగా అప్పజెప్పి, "మీరు నాలుగోది చెప్పేటప్పుడు దగ్గారు" అన్నాడు.

"మీ నాన్నగారి జ్ఞాపకశక్తి నాకంటే బాగుందమ్మా" అని డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. మతిమరుపు లేదంటే మొహం మాడ్చుకున్న కూతురిని ఆయన మొదటిసారి చూసి ఉంటాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్‌స్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. అడిగాను.

"గుర్తుంది" అన్నాడు నాన్న. "ప్లాస్టరు ఎక్కడ కొన్నానో కూడా గుర్తుంది. రంగు కుదరక మూడుసార్లు గీకేశాను."

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"అబద్ధమైతే చెప్పలేదే. ఇలాగే దొరికిందా అన్నాడు. చాలా జాగ్రత్తగా పైకి తీశాం అన్నాను."

"నాన్నా."

నాన్న మెల్లిగా మొదలుపెట్టాడు.

"ఆ మ్యూజియంలో సగం వస్తువులు నా చేతిలో నిలబడ్డాయే. ఎవరు తవ్వారో రాశారు, ఎవరు డబ్బిచ్చారో రాశారు. అతికించినవాడి పేరు ఎక్కడైనా చూశావా? బాగా అతికిస్తే అతుకు కనపడదు. అతుకు కనపడకపోతే మనిషీ కనపడడు. రిటైరయిన రోజు నాకో గోడగడియారం ఇచ్చారు. అది కూడా ఆగిపోతే నేనే బాగుచేసుకున్నాను. ఈయనొచ్చాడు. నా చేతులు రెండూ పట్టుకుని, ఆమెను మొదట తాకిన చేతులివేనా అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకి."

"ఆయన పట్టుకున్నది నీ చేతుల్ని కాదు నాన్నా. ఎవరో దేవుడి టోపీ తాకిన చేతుల్ని. చేసింది నువ్వేనంటే వదిలేసి చెయ్యి తుడుచుకుంటాడు."

బస్సు వచ్చింది. నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను, ఖాళీ ఉన్నా.

మార్చి 6

షూటింగు. నా గదిలోనే. డైరెక్టరు గారు తాళం తీసి బుంగమ్మను స్వయంగా మోసుకొచ్చారు, రెండు చేతుల్తో, పసిబిడ్డను తెచ్చినట్టు. సన్నటి గొట్టం కెమెరా ఒకటి తెచ్చి ముఖం కిటికీలోంచి కప్పు లోపలికి దూర్చి ఏదో తీసుకున్నారు. నా బల్ల మీది జిగురు డబ్బాలన్నీ తీసేసి నీలం లైటు పెట్టారు. అతుకుల గదికి నీలం లైటు.

నాన్నకు పౌడరు అద్దారు. కొత్త చొక్కా. నేను లైటు స్టాండు వెనక నిలబడ్డాను, ఆయనకు కనపడేలా.

"ఈ శిరస్త్రాణాన్ని ఎవరైనా మార్చారంటే మీరేమంటారు?" అని నక్షత్రం గారు అడిగాడు.

నాన్న నా వైపు చూడలేదు. బల్ల వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు తను కూర్చున్న బల్ల.

"ఆ తల నేను ముట్టుకోలేదండీ" అన్నాడు.

మార్చి 7

మాట్లాడలేదు.

మార్చి 9

మాట్లాడలేదు. అత్తయ్య ఫోను చేస్తే "పనిలో ఉన్నాను" అన్నాను. "ఆదివారం ఏం పనే?" అంది. పెట్టేశాను.

మార్చి 15

మధ్యాహ్నం పై అంతస్తుకు వెళ్ళాను. బుంగమ్మ పెట్టె ముందు ఒక తల్లీ, పదేళ్ళ కూతురూ. పిల్ల ముక్కు అద్దానికి ఆనించి చూస్తోంది. "అమ్మా, దీన్ని ఎవరు చేశారు?" అంది.

"పైనుంచి వచ్చినవాళ్ళు చేయించారట. మనలాంటివాళ్ళకి అంత తెలివెక్కడిదే" అంది తల్లి.

ఎంత తేలిగ్గా అంది. ఎవరో ఆడమనిషి చేసి ఉండొచ్చు ఆ బొమ్మని. పొద్దున్నే లేచి మట్టి తొక్కి, పిల్లల్ని కసురుకుంటూ చేసి ఉండొచ్చు. తన పనితనాన్ని మూడు వేల ఏళ్ళు మట్టిలో కాపాడుకున్నది, మా అద్దాల పెట్టెలోకి వచ్చాక పోగొట్టుకుంది. దొంగతనం అంటే ఇది కాక మరేమిటి? పిల్లతో చెప్పబోయాను. "మేడం, మీరు గైడా?" అంది తల్లి. కాదన్నాను. కాదు కదా మరి.

ఆ దొంగతనానికి సాక్షి సంతకం పెట్టింది మా నాన్న.

మార్చి 20

ఇవాళ ప్రసారం. వెళ్ళకూడదనుకున్నాను. అత్తయ్య కోసం వెళ్ళాను. అత్తయ్య కోసమే.

నాన్న కుర్చీని టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు. తను తెరమీద కనపడగానే మెడ సర్దుకున్నాడు. "ఆ తల నేను ముట్టుకోలేదండీ" అని అక్కడ చెబుతుంటే ఇక్కడ గ్లాసులో నీళ్ళు తాగాడు. నేను కిటికీ చూస్తూ కూర్చున్నాను.

తర్వాత గొట్టం కెమెరా కప్పు లోపలికి వెళ్ళింది. తెర నిండా బూడిదరంగు గోడ. గోడ మీద ఒక గుర్తు. దాన్ని పెద్దది చేశారు. గుండ్రంగా తిరిగే గీతలు. వేలిముద్ర. దాని మధ్యలో అడ్డంగా, ఒక అంచు నుంచి రెండో అంచు దాకా, ఒక గీత.

కోటు వేసుకున్న నిపుణుడు ఒకాయన వచ్చాడు. "మానవుల వేలిముద్రల్లో ఇలాంటి అడ్డగీత పుట్టుకతో ఉండదు" అన్నాడు. నక్షత్రం గారు కెమెరా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లోపలి నుంచి ఆ శిరస్త్రాణాన్ని తాకిన ఆ వేలు మనిషిది కాదు. అవునా?"

నాన్న కుడిచెయ్యి మెల్లిగా తిప్పి బొటనవేలు చూసుకున్నాడు.

ముందు అత్తయ్యే నోరు తెరిచింది. కళ్ళజోడు సర్దుకుని, తెర చూసి, తమ్ముడి వేలు చూసి, "ఒరే, ఇది నీదే కదరా" అంది. "నువ్వు మనిషివి కాదటరా. ఇన్నేళ్ళూ అమ్మ నాకు చెప్పనే లేదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను కూడా, ఎందుకో తెలియదు. నాన్న మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ గాటు పడ్డ రోజు చొక్కా మొత్తం రక్తం" అన్నాడు. "గుడ్డ చుట్టుకుని పోయాను పనికి. సెలవు పెడితే జీతం కోస్తారని. ఇది మనిషి వేలు కాదా? వీడి మొహానికి, ఇది మనిషి వేలు కాదా?"

"ముట్టుకోలేదన్నావు కదరా" అంది అత్తయ్య. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించేవాడివి నీకు నేను చెప్పాలా?"

నాన్న టీవీ కట్టేశాడు.

మార్చి 21

నాన్న పొద్దుటి నుంచి చానల్‌కు ఫోన్లు చేశాడట. చివరికి నక్షత్రం గారే దొరికాడు. "అది నా వేలిముద్రండీ" అంటే, "మీరు ముట్టుకోలేదని మీ నోటితోనే చెప్పారు కదా సార్, కోట్లమంది విన్నారు" అన్నాడట. డైరెక్టరు గారికి చేస్తే ఆయనా అదే మాట. పెద్దవయసు, విశ్రాంతి తీసుకోండి అన్నారట.

నాకు చెప్పిందంతా అత్తయ్య. "అన్నం ముందు కూర్చుని వేలు చూసుకుంటున్నాడే" అంది.

బాగా అయింది అనుకున్నాను. సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను.

మార్చి 22

నాన్న నా గదికి వచ్చాడు. పాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను చిన్నప్పుడు కూర్చున్న స్టూలు.

"ఆ పడిపోయే బొమ్మ ఒకటి ఉండాలి, చూపించు" అన్నాడు. స్టోరులోంచి ట్రే తెచ్చాను. కాళ్ళు నిలవని బొమ్మను తీసి వెనక్కి తిప్పాడు. వీపు మీద చిన్న నొక్కు. భూతద్దం పెట్టి చూస్తే వేలి గీతలు కనపడతాయి. ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

"నన్ను ఒక్కరోజు అన్నారు మనిషిని కాదని" అన్నాడు నాన్న. "రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఈవిడని ఎన్ని రోజులుగా అంటున్నారు? నేను పక్కన కుర్చీ వేసుకుని తలూపాను. సిగ్గేస్తోందే."

టీ తెప్పించాను.

"నువ్వు నాకు నేర్పిన మొదటి మాట ఏమిటో గుర్తుందా?" అని అడిగాను కాసేపటికి.

"మనం పెట్టింది ఏదైనా సరే, వద్దనుకున్న రోజున వస్తువుకు నొప్పి లేకుండా ఊడి రావాలి." చెప్పి ఆగాడు. "వస్తుంది. మట్టికీ ప్లాస్టరుకూ మధ్యలో లక్క పూత వేశాను. స్పిరిట్ తగిలితే కరుగుతుంది."

నక్షత్రం గారికి ఫోను చేసి, "నాకొక కొత్త విషయం తెలుసు, కెమెరాలు తెండి" అన్నాడు. అబద్ధం కాదు కదా అని నా వంక చూశాడు.

మార్చి 28

ఎంత ఆలస్యమైనా ఇవాళే రాయాలి.

మళ్ళీ నీలం లైటు. మళ్ళీ డైరెక్టరు గారు పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. నాన్న పౌడరు వద్దన్నాడు. పాత చొక్కా వేసుకొచ్చాడు, మోచేతి దగ్గర ప్లాస్టరు మరకలున్నది.

రబ్బరు బంతిని సగానికి కోసి చేసుకున్న గిన్నెలో ప్లాస్టరు కలిపాడు. అది గట్టిపడుతుండగా బొటనవేలితో నొక్కాడు. కెమెరా దగ్గరకొచ్చింది. ఆరాక ఆ ముద్దను నక్షత్రం గారి చేతిలో పెట్టాడు.

"మీరు టీవీలో చూపించిన ముద్ర ఇదేనా, చూసి చెప్పండి."

నక్షత్రం గారు చూశాడు. ఫోనులోని ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు. ఇప్పుడైనా తెల్లమొహం వేస్తాడనుకున్నాను. లేదు. ఆయన కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"అద్భుతం" అన్నాడు. "అంటే వాళ్ళ వారసత్వం మీ వంశంలో ఇప్పటికీ ఉందని అనుకోవచ్చు కదా?"

ఇలాంటివాడితో ఏం వాదిస్తాం. ఏ పెంకు చూపించినా తన కుండలోనే వేసుకుంటాడు. అత్తయ్య ఉంటే వాళ్ళ వంశం సంగతి బాగా చెప్పేది.

నాన్న ఆయన వైపు చూడటం మానేశాడు. నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇది నీ గది. నువ్వు చెబితేనే తీస్తాను."

"ఏం తీస్తారు? ఆగండి" అని డైరెక్టరు గారు ముందుకొచ్చారు. "అమ్మా, ఆలోచించుకో. నీ ఉద్యోగం."

నాన్న చేసిన వాటన్నిటిలోకీ అందమైనది ఆ కప్పు. రంగు ఎంత బాగా కలిసిందంటే, నేను కూడా అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. అదే దాని తప్పు. దూరం నుంచి కలిసిపోవాలి, దగ్గరికొస్తే తెలియాలి అన్నది పని నియమం. నాన్న ఆ ఒక్కసారి పనితనం చూపించుకున్నాడు.

"తియ్యి నాన్నా" అన్నాను.

కుంచె స్పిరిట్‌లో ముంచి గడ్డం చుట్టూ రాశాడు. ఆగాడు. మళ్ళీ రాశాడు. తొందరపడలేదు. డైరెక్టరు గారు ఎవరికో ఫోను చేస్తున్నారు. కాసేపటికి నాన్న కప్పును రెండు వేళ్ళతో పట్టి కొద్దిగా తిప్పాడు. చప్పుడు లేకుండా ఆయన అరచేతిలోకి వచ్చింది.

"కట్" అన్నాడు నక్షత్రం గారు.

నీలం లైటు ఆర్పేశారు. మామూలు వెలుతురులో బుంగమ్మ తల లేకుండా నిలబడింది. సగం విరిగిన గడ్డం, సన్నటి మెడ. ప్లాస్టరు కప్పిన చోట, మెడ వెనక, ఒక నొక్కు. నాన్నే మొదట చూశాడు. తల నిలబెట్టడానికి ఎవరో వెనక నుంచి వేలితో అదిమిన గుర్తు. ఇన్నేళ్ళూ నాన్న ప్లాస్టరు కిందే ఉంది.

నాన్న తన బొటనవేలు దాని పక్కన ఆనించకుండా పెట్టి చూశాడు. ఆ నొక్కు అందులో సగం కూడా లేదు.

"చేసింది ఎవరో చిన్నపిల్లలా ఉంది" అన్నాడు.

ఏప్రిల్ 3

ప్రసారం చేయలేదు. ఎందుకు చేస్తారు? "మ్యూజియంలో ఆధారాల ధ్వంసం" అని మాత్రం ఒక కార్యక్రమం వేశారు. అందులో నాన్న లేడు. నేనున్నాను, తలుపు వేస్తూ.

నాకు మెమో వచ్చింది. జవాబు రాశాను. అతుకుల గది అధికారిగా తప్పుడు భాగాన్ని తొలగించమన్నది నేనే అని రాశాను. మా ఆయన చదివి, "ఇంకొంచెం తగ్గి రాయొచ్చుగా" అన్నారు. తగ్గించాను. మొదటిది ఇంకా ఘాటుగా ఉండేది.

ఏప్రిల్ 11

క్యూ లేదు. ఒకాయన టికెట్ డబ్బులు తిరిగి ఇమ్మని గొడవ చేశాడట.

ఏప్రిల్ 19

పైనుంచి ఎవరో పెద్దలు వచ్చి ఎక్స్‌రేలు చూశారు. బొమ్మకూ కప్పుకూ విడివిడిగా తీశారు. మెమో ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రెండింటినీ ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టమన్నారు. చీటీలు నన్నే రాయమన్నారు.

ఏప్రిల్ 20

చీటీలు రెండు రాసి నాన్నకు చూపించాను. బొమ్మ పక్కన పెట్టేది: "ఆడమనిషి. కాల్చిన మట్టి. చేసినవారి పేరు తెలియదు." కప్పు పక్కన పెట్టేది: "తలకప్పు. ప్లాస్టరు." కింద చేసినవారు అని రాసి నాన్న పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మంచి అక్షరాల్లో.

నాన్న తన పేరు చాలాసేపు చూసుకున్నాడు. ఇంత పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ చూసుకొని ఉండడు. జేబులోంచి పెన్ను తీసి దాన్ని కొట్టేశాడు.

"అదేంటి నాన్నా. జీవితమంతా దీనికోసమే కదా."

"పిల్ల పేరు లేకుండా పక్కన నా పేరేంటే, బాగుండదు" అన్నాడు. "ఆ పిల్ల పేరు తెలిసిన రోజున నాదీ రాయి."

రెండు చీటీలూ మళ్ళీ రాశాను. రెండింటి కిందా ఒకటే ముక్క: "చేసినది: మనిషి."

చీటీలు పెట్టడానికి పైకి వెళ్తే ఎవరో ఒకావిడ వచ్చి, "ఆ హెల్మెట్ ఊడగొట్టారట కదండీ, అది ఎవరిదో తెలిసిందా?" అని అడిగింది. నాన్న బొటనవేలు ఆమె ముందు పెట్టి, గాటు చూపించాడు. తర్వాత మెడ వెనక నొక్కు కనపడేలా ఆమెను పెట్టె వెనక్కి తీసుకెళ్ళాడు. రేకు డబ్బా కథ మొదలుపెట్టాడు.

చీటీలు తనే అతికించాడు. ఒకటి కొంచెం వంకరగా పడింది. నేను సరిచేయలేదు.